రౌండ్ల రిజిస్టర్‌ల ఆ రాత్రి గళ్లు ఖాళీగ ఉన్నయి, ఇప్పుడు నింపొచ్చా?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను పదిహేనేండ్లు స్టాఫ్ నర్సుగ చేసి 2018ల హసన్‌పర్తి దిక్కు ఒక ఇల్లు కిరాయికి తీసుకొని ఓల్డేజ్ హోమ్ పెట్టిన. ఇప్పుడు 22 మంది ఉన్నరు. మేడారం జాతరప్పుడు మా ఆయమ్మలు నలుగుర్ల ఇద్దరు సెలవు పెట్టి పోయిన్రు, రాత్రి డ్యూటీకి ఒక్కామెనే మిగిలింది. ఆ రాత్రి 79 ఏండ్ల అమ్మ ఒకామె బాత్రూంకు లేచి పడిపోయింది. రెండింటికి ఆయమ్మ చూసినప్పుడు పండుకునే ఉన్నదట, మల్ల చూసింది ఐదింటికి కొంచెం ముందు. తుంటి ఎముక విరిగింది. హన్మకొండల ప్రైవేట్ హాస్పిటల్‌ల తెల్లారి ఆపరేషన్ అయ్యింది, తొమ్మిది రోజులకు మా దగ్గరికే తెచ్చిన్రు, అప్పటికే నడుము కింద పుండు ఉన్నది, ఆ ఫొటో అదే రోజు కొడుకుకు వాట్సాప్ చేసిన. మూడు వారాలకు జ్వరం, నిమోనియా, మల్ల హాస్పిటల్, పడ్డ 38వ రోజు చనిపోయింది. కొడుకు డాలస్‌ల ఉంటడు, నెలకు 20,000 చొప్పున రెండున్నర ఏండ్లు కట్టిండు. రాత్రికి సపరేట్ అటెండెంట్‌ను పెట్టుకుంటరా అని ముందే అడిగితే అవసరం లేదన్నడు, ఆ మెసేజ్ ఉన్నది. ఇప్పుడు హైదరాబాద్ వకీలుతోని 35 లక్షలకు నోటీసు పంపిండు, 15 రోజుల్ల జవాబు ఇయ్యాలె లేకుంటే కన్స్యూమర్ కేసు, పోలీస్ కేసు రెండూ అంటున్నడు. అమెరికాల ఫాల్ రిస్క్ అసెస్‌మెంట్ (మనిషి పడే ప్రమాదం ఎంత ఉన్నదో చూసి రాసుడు) లేకుండ ఎవరినీ చేర్చుకోరని కూడ రాయించిండు. డిపాజిట్ 60,000ల చివరి బిల్లు పోను మిగిలింది మేం ఇంక ఇయ్యలేదు. 'పడినా దెబ్బ తాకినా యాజమాన్యానికి బాధ్యత లేదు' అని బాండ్ పేపర్ మీద ఆయన సంతకం ఉన్నది. కెమెరా రికార్డు ఇరవై రోజులకే పోయింది, కాని ఆ పొద్దున నేను టీవీ తెర మీది నుంచి ఫోన్‌ల రెండు నిమిషాలు తీసుకున్న. అసలు భయం ఏందంటే రౌండ్ల రిజిస్టర్‌ల ఆ రాత్రి రెండింటి గడి, నాలుగింటి గడి ఖాళీగ ఉన్నయి. రెండింటికి చూసిన మాట నిజం, రాయలేదు అంతే. తెలిసినోళ్లు నింపేసుకోమంటున్నరు. ఏం చెయ్యమంటరు?
ఒక చెల్లె, హన్మకొండ జిల్లా

జవాబు: చెల్లె అని రాసినవ్ కాబట్టి నువ్వు అనే అంటా, ఏమనుకోకు.

రిజిస్టర్ ముట్టుకోకు. మిగతాది చదివే ఓపిక లేకున్నా ఈ ఒక్క ముక్క చదువు. ఆ రెండు గళ్లు ఖాళీగ ఉంటే నీ కేసు కొంచెం బలహీనం అయితది, నింపితే కేసే ఉండదు. ఖాళీ గడికి ఒక జవాబు ఉన్నది, ఒక్కతే మనిషి, 22 మంది ముసలోళ్లు, రెండింటికి రౌండ్ వేసింది గాని పెన్ను పట్టలే, నాలుగింటికి పోలే, ఇది ఎవరికైనా అర్థమయ్యే మాట, నింపిన గడికి మాత్రం ఏ జవాబూ లేదు. కొన్నేండ్ల కింద ఇట్లాంటిదే ఒక కేసుల నేను కుటుంబం తరఫు వకీలుగ ఉన్న, అంటే నీలాంటోళ్లకు అవతలి పక్షం. హోమ్ వాళ్లు రెండు నెలల రౌండ్ల బుక్కు తెచ్చి పెట్టిన్రు. ముద్దుగ ఉన్నది. ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క కొట్టివేత లేదు, ఒకటే పెన్ను, టీ మరక కూడ లేదు, రాత్రిపూట వాడిన బుక్కు అట్ల ఉంటదా నువ్వే చెప్పు. నేనేం పెద్ద తెలివి చెయ్యలే, వాళ్ల హాజరు పట్టీ కూడ తెప్పియ్యమని ఒక అర్జీ పెట్టిన. అది వచ్చింది, చూస్తే బతుకమ్మకు ఊరికి పోయిన ఆయమ్మకు నాలుగు రోజులు సెలవు పడి ఉన్నది, రౌండ్ల బుక్కుల ఆ నాలుగు రాత్రులు ఆమె సంతకాలే. ఇగ ఆ తర్వాత వాళ్లు చెప్పిన నిజాలు కూడ ఎవరూ వినలే. పాపం వాళ్ల దగ్గరికి డాక్టర్ నిజంగనే వారం వారం వచ్చేటోడు, అది కూడ నమ్మలే. నీ హోమ్‌ల జాతర సెలవులు ఎవరెవరికి ఇచ్చినవో పట్టీల ఉంటది కదా, జర ఆలోచించు.

పైగ ఇది వట్టి తప్పు కాదు. కన్స్యూమర్ కమిషన్ ముందు నడిచే కేసును న్యాయస్థానం విచారణ లెక్కనే చూస్తరు, దాంట్ల వాడటానికి దొంగ సాక్ష్యం తయారు చేస్తే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేండ్ల దాక జైలు ఉన్నది. తుంటి విరిగిన కేసుల నీకు జైలు రాకపోవచ్చు, గడి నింపిన దానికి రావచ్చు.

మరి ఏం చెయ్యాలె అంటే, నువ్వు నర్సువు, లేట్ ఎంట్రీ అంటే ఏందో నీకు నేను చెప్పాల్నా. ఆ ఆయమ్మను కూసోబెట్టి, వేరే తెల్లకాయితం మీద, ఇయ్యాల్టి తారీకు వేసి, ఆమె మాటల్ల ఆమెనే రాయనియ్యి. రాయరాకపోతే ఇంకొకరు రాసి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలె, ఎవరు రాసిన్రో వాళ్ల సంతకం కూడ ఉండాలె. రెండింటికి చూసిన, రాయలే, మూడింటికి ఫలానా ముసలాయనకు డైపర్ మార్చిన, ఐదింటికి ముందు శబ్దం విన్ననా లేక ఊరికెనే చూడబోయిననా, ఏది నిజమైతే అది. నేర్పియ్యకు. నేర్పిచ్చిన మాట రెండో ప్రశ్నకే బయటపడ్తది. ఇంకోటి, ఆమె భయపడ్తది, జీతం కోస్తరేమో, తన మీదికే తోస్తరేమో అని. నీకు కూడ ఆమె మీదికి తోద్దామని ఉంటది, ఎవరికైనా ఉంటది, కాని ఉద్యోగి చేసిన తప్పుకు పెట్టుకున్నోళ్లే జవాబుదారీ, ఆమెను బలిచ్చి నువ్వు బయటపడే దారి చట్టంల లేదు. ఆమెను మంచిగ చూసుకో, రేపు నీ పక్క నిలబడే సాక్షి ఆమె ఒక్కతే.

ఇగ కేసు సంగతి. 35 లక్షలు అన్నడు కాబట్టి పెద్ద కోర్టు అని భయపడకు. 2019 కన్స్యూమర్ చట్టం వచ్చినాక, అది 2020 జులై నుంచి అమలు అయితున్నది, ఎంత నష్టపరిహారం అడిగిన్రు అన్నది కాదు, సేవకు ఎంత కట్టిన్రు అన్నది చూసి కేసు ఎక్కడ నడవాల్నో తేలుస్తరు. నెలకు 20,000 చొప్పున రెండున్నర ఏండ్లంటే 6 లక్షలు, 50 లక్షల దాక జిల్లా కమిషన్‌దే. కేసు వేసే ఫీజు కూడ ఆయనకు 200 రూపాయలే అయితది, అందుకే ఉత్తగ బెదిరిస్తున్నడులే అనుకోకు. 'ఫోరం' అని మేం ఇప్పటికీ అలవాటుకొద్ది అంటం గాని అది ఇప్పుడు కమిషన్. ఆన్‌లైన్‌లనే వేసుకోవచ్చు, ఫిర్యాదుదారు ఉండే ఊర్ల కూడ వెయ్యొచ్చు, సేవ తీసుకున్న ఊర్ల కూడ వెయ్యొచ్చు. రెండేండ్ల టైం ఉన్నది ఆయనకు. నోటీసుల 15 రోజులన్నది ఆ వకీలు పెట్టిన గడువు, చట్టం పెట్టింది కాదు, అయినా జవాబు ఇయ్యాలె, ఇయ్యకుంటే రేపు 'అప్పుడు నోరు మెదపలే' అంటరు. అసలు భయపడాల్సిన గడువు తర్వాత వస్తది. కమిషన్ నుంచి ఫిర్యాదు కాపీతోని నోటీసు నీ చేతికి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్ల కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, వెయ్యాలె, బతిమిలాడితే ఇంకో 15, అంతే, 46వ రోజు వేస్తే తీసుకునే అధికారం కమిషన్‌కే లేదని 2020 మార్చిల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ చెప్పేసింది. మంచి కేసులు చేతిల ఉండి కూడ ఈ 45 రోజుల దగ్గర ఓడిపోయినోళ్లను నేను చూసిన. సివిల్ కోర్టు అలవాటున్న వకీళ్లు వాయిదా అడుగుదాంలే అని కూసుంటరు, జర గుర్తు చేస్తుండు.

కొడుకు ఏం నిరూపించాలె? పడింది అంటే సరిపోదు. ముసలోళ్లు కొడుకు ఇంట్ల కూడ పడ్తరు. నువ్వు చూసుకుంటా అని ఒప్పుకున్నవ్, ఆ ఒప్పుకున్నదాంట్ల లోటు జరిగింది, ఆ లోటు వల్లనే ఈ నష్టం వచ్చింది, ఈ మూడు ఆయన చూపెట్టాలె. మొదటిది నువ్వు కాదనలేవు. రెండోది, మూడోది దగ్గరనే నీ పోరాటం, అందుల రెండోది కష్టం.

ఎందుకు కష్టమంటే ఒప్పుకున్నది ఏంది అన్నది బాండ్ పేపర్‌ల చూడరు, నీ పాంప్లెట్‌ల చూస్తరు. పాంప్లెట్ నాకు పంపలే గాని పందెం కాస్త, దాంట్ల '24 గంటలు నర్సింగ్ కేర్' అని ఉంటది. అందరివీ ఒకే డీటీపీ షాపుల కొట్టిచ్చినట్టు ఉంటయి. రాత్రికి నర్సు ఉన్నదా? ఒక ఆయమ్మ. మన దగ్గర ఈ మాటలతోనే ఒక తిరకాసు ఉన్నది, వరంగల్‌ల నర్సింగ్ హోమ్ అంటే పది పడకల చిన్న హాస్పిటల్, డాలస్‌ల నర్సింగ్ హోమ్ అంటే ముసలోళ్లు నెలలు ఏండ్లు ఉండే చోటు, దానికి అక్కడ 1987 నుంచి ప్రత్యేకంగ కేంద్ర చట్టమే ఉన్నది, ప్రతి మనిషికి లెక్కప్రకారం అసెస్‌మెంట్ రాయాలె, వాటి మీద కేసులు వాదించడమే బతుకుదెరువుగ ఉన్న వకీళ్లు ఉన్నరు. కొడుకు ఆ కళ్లతోని నిన్ను చూస్తున్నడు. అక్కడి చట్టం ఇక్కడ నడవది, ఆ మాట నీ వకీలు ఒక్క లైన్‌ల రాస్తడు. కాని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైందే. చేర్చుకున్న రోజు ఈమె పడే మనిషా కాదా అని ఎవరన్న చూసిన్రా? నువ్వు చూసే ఉంటవ్, నర్సు కన్ను ఊకె ఉండదు, లేకపోతే అటెండెంట్ కావాల్నా అని ఆయనను ఎందుకు అడుగుతవ్. ఆ మెసేజే నీ అసెస్‌మెంట్. అయితే ఆ మెసేజ్ రెండు వైపుల పదునున్న కత్తి, 'నాకు తెలుసు, చెప్పిన, ఆయన వద్దన్నడు' అని నువ్వంటవ్, 'తెలిసి కూడ ఆ రాత్రి మనుషులను తగ్గించినవ్' అని వాళ్లంటరు. జాతరకు సెలవు ఇయ్యకుండ ఇక్కడ ఎవరూ హోమ్ నడపలేరు, నాకు తెలుసు, మా ఆఫీస్ గుమస్తా కూడ బెల్లం ఎత్తుకొని పోతడు, కాని జాతర రెండేండ్లకోసారి చెప్పి వచ్చే పండుగ, తుఫాన్ కాదు. ఆ వారానికి బయటి నుంచి మనిషి కోసం ప్రయత్నం చేసినవా? ఏజెన్సీకి ఫోన్ చేసినవా? చేస్తే కాల్ లిస్ట్ తీసిపెట్టు. చెయ్యకపోతే చెయ్యలేదు, కథ అల్లకు.

పెద్దామె ఫైల్ తీసి నీ అంతట నువ్వే అవతలి వకీలు లెక్క చదువు. రాత్రి గోళీలు ఏందేంది? మూత్రం గోళీ పొద్దున రాసి ఉంటే నువ్వు రాత్రి ఇచ్చినవా? నిద్ర గోళీ ఉన్నదా? మంచం నుంచి బాత్రూం ఎన్ని అడుగులు, మధ్యల బెడ్‌లైట్ ఉన్నదా, గోడకు పట్టుకునే రాడ్ ఉన్నదా, నేల తడి ఉండెనా? డాక్టర్‌ను సాక్షిగ పిలిస్తే మొట్టమొదలు అడిగేది ఇవే. రాడ్ లేకపోతే ఇయ్యాలనే పెట్టియ్యి, కాని పెట్టే ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి పెట్టుకో. 'కేసు అయినాక పెట్టిన్రు చూడున్రి' అంటరు, అననియ్యి, ఇంకో ముసలమ్మ పడితే ఏం చేద్దామని.

మూడోది, లోటుకు నష్టానికి లంకె. ఇక్కడ నీకు కొంచెం జాగ ఉన్నది. రెండింటి నుంచి ఐదు దాక చూడలేదు అనుకుందాం, ఎక్కువలో ఎక్కువ మూడు గంటలు. ఆ ఆలస్యం వల్ల ఆపరేషన్ ఆగిందా? తుంటి విరిగినోళ్లకు 48 గంటల్ల ఆపరేషన్ అయితే మంచిదని డాక్టర్లు చెప్తరు, ఈమెకు తెల్లారే అయ్యింది. అంటే ఆలస్యం వల్ల ఎముక సంగతి మారలే. కాని ఒక 79 ఏండ్ల తల్లి చల్లటి బండల మీద విరిగిన తుంటితోని ఎంతసేపు పడి ఉన్నదో ఏమో, దానికి విలువ కడ్తరు, కట్టాలె కూడ, అది సున్నా అని నీ కౌంటర్‌ల రాయనియ్యకు. చావు సంగతి వేరే. తుంటి విరిగి మంచాన పడ్డ ముసలోళ్లకు నిమోనియా రావడం మామూలు, 'అది వయసుతోని వచ్చింది, మాతోని కాదు' అని నీ వకీలు అంటడు, 'పడకుంటే మంచం ఎందుకు పట్టేది' అని వాళ్ల వకీలు అంటడు, నిజం చెప్పాలంటే వాళ్లది ఉత్త వాదన కాదు. పోస్ట్‌మార్టం కాలేదు కాబట్టి హాస్పిటల్ ఇచ్చిన మరణ కారణం సర్టిఫికెట్, కేస్ షీట్ ఇవే ఆధారం. ఆ కేస్ షీట్ నువ్వు పోయి అడిగితే ఇయ్యరు, పేషెంట్ వాళ్లు అడిగితేనే ఇస్తరు, కాబట్టి రెండు హాస్పిటళ్ల రికార్డులు తెప్పియ్యమని కమిషన్‌ల నీ తరఫునే అర్జీ పడాలె. ఎముకల డాక్టర్‌తోని ఒక అభిప్రాయం రాయించుకోవాలె, పేరున్న ప్రైవేట్ డాక్టర్ కన్న మెడికల్ కాలేజ్‌ల పాఠం చెప్పిన మనిషైతే మంచిది, మాట తూకంగ ఉంటది. ప్రతి కేసుకు నిపుణుడి సాక్ష్యం అక్కర లేదని, కంటికి కనిపించే తప్పు అయితే అదే మాట్లాడ్తదని 2010ల సుప్రీంకోర్టు హైదరాబాద్ కేసులనే చెప్పింది, ఆ తీర్పు వాళ్లు ఎట్లాగూ పెడ్తరు, అందుకే నీ దగ్గర డాక్టర్ మాట ఉండాలె.

పుండు విషయంల నువ్వు చేసిన పని నాకు మస్తు నచ్చింది. హాస్పిటల్ నుంచి వచ్చిన రోజే చూసి, ఫొటో తీసి, కొడుకుకు పంపినవ్. పదిల తొమ్మిది హోమ్‌లు వారం తర్వాత స్నానం చేపిచ్చేటప్పుడు చూస్తయి, అప్పటికి పుండు ఎవరిదో చెప్పలేం. కాని అక్కడనే ఆగకు, మూడు వారాల్ల అది తగ్గిందా పెరిగిందా? రెండు గంటలకోసారి పక్క మార్చిన లెక్క ఏడన్న రాసిన్రా? గాలి పరుపు కొన్న బిల్లు, డ్రెస్సింగ్ సామాను తెచ్చిన మెడికల్ షాపు బిల్లులు ఉన్నయా? రెండోసారి హాస్పిటల్‌ల చేర్చినప్పుడు వాళ్లు పుండు కొలత రాసుకుంటరు, అది నీ ఫొటోకన్న పెద్దగ ఉంటే ఫొటో నీకే ఎదురు తిరుగుతది, ముందే తెలుసుకో. ఆ ఫొటో మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు, స్టాఫ్ గ్రూపుల ఉంటే తీసేయించు, పోయిన తల్లి ఒళ్లు అది, కోర్టుల కూడ కవర్‌ల పెట్టి ఇస్తం. గ్రూపుల తీసేయించే ముందు నీ ఫోన్‌ల అసలుది భద్రంగ ఉన్నదా చూసుకో.

ఫోన్ అమ్మకు, మార్చకు, ఫార్మాట్ కొట్టకు. తెర మీది నుంచి తీసిన ఆ రెండు నిమిషాలు ఇప్పుడు బంగారం. ఫోన్‌ల ఉన్నది సాక్ష్యంగ నిలవాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇయ్యాలె, దాంట్ల ఆ ఫైల్ హ్యాష్ నంబర్ కూడ రాయాలె, అది ఒక పొడుగు అంకెల తోక, ఫైల్‌ల ఒక్క చుక్క మారినా ఆ తోక మారిపోతది, వకీలు ఆఫీస్‌ల చేపిస్తరు. ఇంకో చిన్న పని, చాలామంది మర్చిపోతరు, కెమెరా డబ్బా గడియారం సరిగ్గ ఉన్నదా ఇప్పుడే చూడు. ఒక కేసుల అది 11 నిమిషాలు వెనక నడుస్తున్నది, కెమెరా ప్రకారం అంబులెన్స్‌కు ఫోన్ 11 నిమిషాలు ఆలస్యంగ చేసినట్టు వచ్చింది, అసలు వెంటనే చేసిన్రు. 108కు చేసిన కాల్, కొడుకుకు చేసిన వాట్సాప్ కాల్, తెర మీది టైం, మూడు పక్కపక్కన రాసుకో. కొడుకు నోటీసుల టైంలు డాలస్‌వా మనవా కూడ చూడు, చలికాలంల పదకొండున్నర గంటల తేడా, మనకు పొద్దున ఆరైతే ఆయనకు ముందురోజు సాయంత్రం ఆరున్నర, తారీకే మారిపోతది. మిగతా రికార్డు పోయింది కదా, నువ్వే తుడిచినవ్ అంటరు. కెమెరాలు బిగించిన పిల్లగానితోని డిస్క్ ఎంత, ఎన్ని కెమెరాలు, ఎన్ని రోజులకు పాతది పోతది అని ఒక కాయితం రాయించుకో.

బాండ్ పేపర్ మీద ఆశ పెట్టుకోకు. 'మాకు బాధ్యత లేదు' అన్న ఒక్కవైపు షరతును కమిషన్‌లు పక్కకు పెడ్తయి, అసలు అట్లాంటి అన్యాయపు ఒప్పందాల మీదనే 2019 చట్టంల ప్రత్యేకంగ రాసిన్రు. చింపెయ్యకు, దాంట్ల ఈమెకు ఏమేం జబ్బులున్నయో కొడుకు రాసిచ్చిన భాగం ఉంటే అది పనికొస్తది. అంతవరకే.

పోలీస్ కేసు. దానికి అంత ఖంగారు వద్దు గాని తేలిగ్గ కూడ తీసుకోకు. పాత ఐపీసీ 304ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితల 106(1), 2024 జులై ఒకటి నుంచి. నిర్లక్ష్యంతోని చావు అంటే ఐదేండ్ల దాక, డాక్టర్ అయితే రెండేండ్ల దాక. నర్సు ఆ రెండేండ్ల లెక్కలకు రాదు, మెడికల్ రిజిస్టర్‌ల పేరున్న డాక్టర్‌కే అది. డాక్టర్ల మీద కేసు పెట్టే ముందు ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలె అని 2005ల సుప్రీంకోర్టు చెప్పిన మాట ఓల్డేజ్ హోమ్‌కు అట్లనే వర్తిస్తదని గట్టిగ నమ్మకు, అడిగి చూడొచ్చు. అయితే అదే తీర్పుల ఇంకో మాట ఉన్నది, పరిహారం కట్టాల్సిన నిర్లక్ష్యం వేరు, జైలుకు పంపాల్సిన నిర్లక్ష్యం వేరు, రెండోది మస్తు పెద్దదై ఉండాలె అని, అది నీకు పనికొస్తది. రాత్రి ఒక మనిషి తక్కువ ఉండటం ఆ స్థాయికి పోవడం కష్టం. బెయిల్ దొరికే సెక్షనే. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే రాతపూర్వకంగ నోటీసు ఇయ్యమను, ఒక్కదానివే పోకు, చెప్పేది కాయితం మీద ఇయ్యి.

ఇగ జవాబు ఎట్ల రాయాలె. నువ్వు కోపంల ఉన్నవ్, అర్థమైతది, రెండున్నర ఏండ్లల్ల ఒకసారి కూడ రాలే ఈ కొడుకు, దసరాకు వీడియో కాల్ చేస్తే సిగ్నల్ లేదని పెట్టేసిండు, ఇట్లాంటివి పది ఉంటయి నీ దగ్గర. ఒక్కటి కూడ రాయకు. నిజమైనా సరే రాయకు. కమిషన్‌ల కూసున్నోళ్లకు కూడ అమెరికాల పిల్లలు ఉంటరు, ఊర్ల ముసలి తల్లులు ఉంటరు, తల్లి పోయిన మనిషిని తిట్టినట్టు ఒక్క వాక్యం కనిపించినా నీ మీద మనసు విరుగుతది. జవాబు ఒకటిన్నర పేజీ చాలు. చనిపోయినందుకు బాధపడుతున్నం, ఇది మనస్ఫూర్తిగ ఉండాలె, రెండున్నర ఏండ్లు నీ చేత్తోని అన్నం తినిపిచ్చినవ్ కదా ఆమెకు. తర్వాత జరిగింది టైం ప్రకారం, మనకు రుజువు ఉన్నంతవరకే. రెండింటికి చూసినట్టు ఆయమ్మ చెప్తున్నది, ఆ రాత్రి రిజిస్టర్‌ల ఎంట్రీ లేదు, అని మనమే రాద్దాం. అవును మనమే. వాళ్లు బయటపెట్టేలోపు మనం చెప్తే అది నిజాయితీ, వాళ్లు పెట్టినాక ఒప్పుకుంటే దొరికిపోవడం. మిగతా ఆరోపణలు ఒప్పుకోవట్లేదు, రికార్డులన్నీ భద్రపరిచినం, మాట్లాడుకోవడానికి సిద్ధం. అంతే.

జవాబుతోని పాటు ఆ డిపాజిట్ పైసలు పంపు. చివరి నెల బిల్లు, మందుల బిల్లు కొట్టేసి మిగిలింది ఎంతైతే అంత, లెక్క కాయితం జతచేసి, ఆయన అకౌంట్‌ల వెయ్యి, 'ఇది డిపాజిట్ లెక్క, వేరే ఏ విషయం ఒప్పుకున్నట్టు కాదు' అని ఒక లైన్ రాయి. నేను చూసిన ఇట్లాంటి కేసులల్ల సగం తుంటితోని మొదలు కాలే, డిపాజిట్‌తోని మొదలైనయి. తల్లి పోయి పెద్దకర్మ అయినాక ఫోన్ చేస్తే అటు నుంచి 'నెల నోటీసు ఇయ్యలే సార్, కట్ అయితది' అంటే ఏ కొడుకుకైనా మండుతది, ఆ మంటల ఆయనకు ఆ రాత్రి సంగతి గుర్తుకొస్తది.

రాజీ గురించి కూడ ఇప్పుడే ఆలోచించు, ఓడిపోతం అని కాదు. కమిషన్ మొదటి వాయిదాలనే మీడియేషన్‌కు పోతరా అని అడిగే వీలు ఆ చట్టంలనే ఉన్నది, అప్పటికి నువ్వు ఎంత దాక పోగలవో లెక్క ఉండాలె. జిల్లాల ఓడితే అప్పీల్‌కు 45 రోజులు, పోవాలంటే కమిషన్ కట్టమన్న సొమ్ముల సగం ముందే కట్టాలె, అది కూడ ఆ లెక్కల వేసుకో. ఇన్సూరెన్స్ ఉన్నదా అన్నది నువ్వు రాయలే. ఉంటే ఇయ్యాలనే రాతపూర్వకంగ వాళ్లకు చెప్పు, నోటీసు కాపీ జతచేసి. చాలా పాలసీలల్ల రెండు షరతులు ఉంటయి, వెంటనే చెప్పాలె, వాళ్లను అడగకుండ తప్పు ఒప్పుకోవద్దు పైసలు ఇస్తా అనొద్దు, ఈ రెంట్ల ఏది తప్పినా చేతులెత్తేస్తరు. అందుకే రాజీ మాట వాళ్లకు చెప్పినాకనే ఎత్తాలె. అగ్గి, దొంగతనం పాలసీ ఒక్కటే ఉంటే దీనికి పనికిరాదు, వచ్చే ఏడాదికన్న సంస్థ పేరు మీద ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (పనిల జరిగిన తప్పుకు పరిహారం కట్టే పాలసీ) తీసుకో.

వకీలు దగ్గరికి పోయేటప్పుడు రౌండ్ల రిజిస్టర్, హాజరు పట్టీ, పెద్దామె ఫైల్, పాంప్లెట్, బాండ్ పేపర్, ఫోన్ పట్టుకపో. రిజిస్టర్ ప్రతి పేజీ జిరాక్స్ తీపిచ్చుకొని, అసలుది ఆయనకు ఇచ్చి ముట్టినట్టు రాయించుకో, నీ దగ్గర ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి మంచి చేద్దామని ఆ గడి నింపేస్తరు. నోటీసు వచ్చిన కవర్ పారేసినవా? పారెయ్యకపోతే అది కూడ తీసుకపో, దాని మీద పోస్టాఫీస్ ముద్ర తారీకు ఉంటది.